అప్‌డేట్: సిగ్నల్స్ సర్వీసు తర్వాత ఐటీలో పని దొరికింది

సైన్యంలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా విరమణ పొందిన నాకు, సీసీఎన్ఏ (సిస్కో సంస్థ ఇచ్చే నెట్‌వర్కింగ్ అర్హత) సర్టిఫికెట్ ఉన్నా హైదరాబాదు కంపెనీల నుంచి ఒక్క పిలుపూ రావడం లేదని కిందటిసారి రాశాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఒక సంస్థకు నెట్‌వర్క్ కన్సల్టెంటుగా ఒప్పందం మీద పనిచేస్తున్నాను.

ఫలించింది రెజ్యూమే తిరగరాయమన్న సలహా. పాత దానిలో “డిటాచ్‌మెంట్ కమాండర్, లైన్ అండ్ రేడియో” అని ఉండేది. అది చదివినవారికి నేనేం చేశానో తెలిసే వీలే లేదు. దాని స్థానంలో “12 మంది బృందంతో 30 స్విచ్‌ల నెట్‌వర్క్‌ను రాత్రింబవళ్లు నడిపాను, లింకు తెగితే కారణం వెతికి సరిచేశాను” అని రాసి, యూనిట్ పేరు, స్థలం, పరికరాల వివరాలు భద్రత దృష్ట్యా పూర్తిగా తీసేశాను. మూడు వారాల్లో రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండోదానిలో బోర్డు మీద సబ్‌నెట్ విభజన (ఒక నెట్‌వర్క్ చిరునామాలను చిన్న భాగాలుగా విడగొట్టడం) చేసి చూపమన్నారు, ఎన్నోసార్లు చేతితో చేసిన పనే కాబట్టి తడబడలేదు.

ఎంబీఏ లాంటి అదనపు డిగ్రీ అవసరం పడలేదు. 15 ఏళ్ల సర్వీసుకు లభించే డిగ్రీ సమానత కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు ఉద్దేశించినది, ప్రైవేటులో దాన్నెవరూ అడగలేదు. కన్సల్టింగ్ ఆదాయం వల్ల పెన్షన్ ఆగదనీ, అయితే రెండింటినీ కలిపి ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలనీ, ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదనీ ఆడిటరు గారు చెప్పారు.

ఇంకా సర్వీసులో ఉన్న సోదరులు డీజీఆర్ (రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్) నడిపే పునరావాస కోర్సులకు విరమణకు ముందే దరఖాస్తు చేసుకోండి. నేను ఆ అవకాశాన్ని వదులుకున్నాను.