టైగర్ మాత్ టేకాఫ్‌లో కుడికి లాగేస్తోంది

విజయనగరం_వింగ్స్: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో భోగాపురం పక్కన గడ్డి రన్‌వే పెట్టుకుని, టైగర్ మాత్ (పాతకాలం రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానం) నడుపుతున్నాను. థ్రాటిల్ తోయగానే విమానం కుడికి గిర్రున తిరిగిపోతోంది. ఏటి చెయ్యాలి?

పాలకొండ_పైలట్: సెస్నా విమానం అలవాటులో కుడి రడ్డర్ (తోక చుక్కాని తిప్పే పెడల్) తొక్కుతున్నట్టున్నావు. టైగర్ మాత్‌లోని జిప్సీ మేజర్ ఇంజిన్ ప్రొపెల్లర్ సెస్నాలా కాదు, కాక్‌పిట్ నుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుద్ది. ఎడమ రడ్డరే తొక్కాలి. సిమ్యులేటరే రడ్డర్ తిప్పే ఆటో రడ్డర్ ఆపెయ్. థ్రాటిల్ మూడు నాలుగు సెకన్లలో మెల్లగా ఇయ్యి. తోక గభాలున లేపితే గైరో ప్రభావంతో (తిరిగే ప్రొపెల్లర్ ముక్కుని పక్కకి తోసెయ్యడంతో) మళ్లీ కుడికే పోద్ది.

ఆమదాలవలస_ఏవియేటర్: దిగేముందు స్లాట్ల (పై రెక్క ముందంచున ఉండే పలకల) లాక్ తియ్. అప్రోచ్‌లో (దిగడానికి వచ్చేటప్పుడు) వేగం 55-60 నాట్లు. ఫ్లాప్‌లు లేవు, ఎత్తు మిగిలితే సైడ్‌స్లిప్పే (విమానాన్ని పక్కకి వాల్చి జారుతూ దిగడం). బ్రేక్ బటన్ మర్చిపో, అసలు విమానానికే బ్రేకుల్లేవు.

విజయనగరం_వింగ్స్: ఎడమ తొక్కితే తిన్నగా పోయింది! దిగినప్పుడు మాత్రం బంతిలా ఎగురుతోంది.

పాలకొండ_పైలట్: రెండు చక్రాలూ, తోక స్కిడ్డూ (తోక కింద చక్రం బదులుండే ఊత) ఒకేసారి తగలాలి. ఎగిరితే స్టిక్ ముందుకి తోయకు. కొంచెం పవరిచ్చి పట్టుకో, కుదరకపోతే గో అరౌండ్, అంటే మళ్లీ పైకెగిరి చుట్టి రా.