రంగు వేసినవి తింటే బాబుకి దద్దుర్లు, ఎవరికైనా ఇలా జరిగిందా?

నమస్కారమండి. మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా బాబుకి ఆరేళ్లు. రెండు నెలల్లో మూడుసార్లు వాడికి ఒంటినిండా దద్దుర్లు వచ్చాయి. మూడుసార్లూ అంతకుముందు తిన్నది పసుపు, నారింజ రంగువే: ఒకసారి జెల్లీ, ఒకసారి ఆరెంజ్ డ్రింకు, మొన్న బీచ్ రోడ్డులో బండి మీద కొన్న ఐస్.

జెల్లీ ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 102, 110 అని ఉంది. ఐఎన్ఎస్ అంటే తినేవాటిలో కలిపే రంగుల్లాంటి వాటికి ఇచ్చే నంబర్లు. 102 అంటే టార్ట్రజిన్, 110 అంటే సన్‌సెట్ యెల్లో. రెండూ మన దేశంలో అనుమతి ఉన్నవే. కానీ టార్ట్రజిన్ కొద్దిమందికి దద్దుర్లు తెప్పించవచ్చట. యూరప్‌లో అయితే 2010 నుంచి ఈ రంగులున్న ప్యాకెట్ల మీద, పిల్లల ప్రవర్తన, ఏకాగ్రత మీద ప్రభావం ఉండొచ్చని హెచ్చరిక రాయాలి. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. డ్రింకులో 211, అంటే పాడవకుండా కలిపే సోడియం బెంజోయేట్ కూడా ఉంది. అందుకే తప్పు రంగుదేనని గట్టిగా అనలేకపోతున్నాను.

డాక్టర్ గారు సిరప్ ఇచ్చి, ఏం తిన్నాడో రోజూ రాసిపెట్టమన్నారు. రాస్తున్నాను. ప్యాకెట్ అయితే చదువుతాం, విడిగా అమ్మే జిలేబీకి, లడ్డుకి లేబుల్ ఎక్కడుంటుంది?

మీ పిల్లలకి ఇలా జరిగితే కారణం ఎలా తేల్చుకున్నారు? స్కిన్ టెస్టులో తెలిసిందా, డాక్టర్ దగ్గరే కొంచెం తినిపించి చూశారా? విశాఖలో పిల్లల అలర్జీకి ఎవరి దగ్గరికి వెళ్లారు? వచ్చే నెల వాడి పుట్టినరోజు. బీట్‌రూట్, పసుపు లాంటి వాటితోనే రంగు వేసి కేకు చేసేవాళ్లు ఇక్కడ ఉంటే దయచేసి చెప్పండి.