ఉగాది వేడుకలో ఆరోగ్య స్టాల్: పోస్టరులో ఏం రాద్దాం?

ఆరోగ్య స్టాల్ వలంటీరు:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉగాది వేడుకకి మన స్టాల్ ఖాయమైంది. అమెరికాలో మార్చి పెద్దపేగు క్యాన్సర్ అవగాహన నెల కాబట్టి పోస్టరు దాని మీదే. డ్రాఫ్టు చూశాను. అందులో "చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడి చస్తుంది" అన్న లైను దయచేసి తీసేయండి.

అందులో కొంత నిజం ఉంది. కణితి కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ను పూర్తిగా వాడుకోకుండా, చాలావరకు లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ గమనించాడు. ఆ దారిలో ఒక గ్లూకోజ్‌కి దక్కేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం వాడుకునే శక్తి అణువు), అందుకే గ్లూకోజ్‌ను తెగ లాగుతాయి. గ్లూకోజ్ లాంటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లో కణితి కనబడేది దీనివల్లే. పేగులో ఇంకో విశేషం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు కణానికి ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేట్. మనం తిన్న పీచును పేగులోని బాక్టీరియా పులియబెడితే అది వస్తుంది. క్యాన్సర్ కణం దాన్ని వదిలి గ్లూకోజ్‌కి మరుగుతుంది.

కానీ మనం పస్తుంటే కణితి పస్తుండదు. కండ కరిగించైనా సరే, కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది. మా పిన్ని కీమో మధ్యలో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మి అన్నం, పళ్లు మానేసింది. బాగా చిక్కిపోయి, ఒక డోసు వాయిదా పడింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఫుడ్ కమిటీ:
అక్కా, విటమిన్ సి ఎక్కించుకుంటే తగ్గుతుందని కూడా రాశాం. అది ఉంచవచ్చా?

ఆరోగ్య స్టాల్ వలంటీరు:
వద్దు తమ్ముడూ. కే-రాస్, బి-రాఫ్ జన్యువులు మారిన పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎక్కువ మోతాదు విటమిన్ సి చంపిందని 2015లో ప్రయోగశాలలో చూపించారు. తర్వాత చైనాలో కీమోతో కలిపి మూడో దశ ట్రయల్ చేస్తే, మొత్తం రోగులను లెక్కేసినప్పుడు వ్యాధి అదుపులో ఉన్న కాలం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కణం జీవక్రియను దెబ్బకొట్టే మందు మన చేతిలో ఎప్పటినుంచో ఉంది, 5-ఎఫ్‌యూ. కణితులు యురాసిల్‌ను (ఆర్ఎన్ఏలో ఉండే ఒక భాగం) ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి, దానికి ఫ్లోరిన్ తగిలించి 1957లో అమెరికా శాస్త్రవేత్త హైడెల్‌బర్గర్ బృందం ఈ మందును ప్రకటించింది. డీఎన్ఏ తయారీకి అది అడ్డుపడుతుంది. ఇప్పటికీ పెద్దపేగు క్యాన్సర్ కీమోలో ముఖ్యమైనది అదే.

ప్రింటింగ్ చూసేవారు:
మరి పెద్ద అక్షరాల్లో ఏం వేయమంటారు?

ఆరోగ్య స్టాల్ వలంటీరు:
"45 నిండాయా? పరీక్ష చేయించుకున్నారా?" అని వేయండి. 2021 నుంచి ఇక్కడ సిఫార్సు వయసు అదే. ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే ఇంకా ముందే డాక్టరును అడగాలని కింద రాయండి. టేబులు ఉగాది పచ్చడి పంచేచోటు పక్కనే కావాలి, అక్కడ అందరూ ఆగుతారు. మధ్యాహ్నం షిఫ్టుకి ఇంకా ఇద్దరు తక్కువ.

ఫుడ్ కమిటీ:
ఒకటి నేను, ఇంకొకటి మా ఆవిడ. పచ్చడి టేబులు పక్కన చోటు ఉంచుతాను అక్కా.