పై ఫ్లాటుకు ధార రాకపోతే ప్రెజర్ పంపు ఒక్కటే గతా?

పటమట_పైఫ్లాటు: ఐదంతస్తుల అపార్టుమెంటు, మాది ఐదోది. ట్యాంకు డాబా మీద 2 అడుగుల దిమ్మె మీదుంది. షవర్ తిప్పితే చినుకులే. సొంత ఖర్చుతో పంపు పెట్టుకోమంటోంది అసోసియేషన్. వేరే దారి ఉందా?

గుంటూరు_పైపురెంచి: పంపు మాట తర్వాత. ఒక్క ట్యాపులోనే ధార సన్నమా, అన్నిట్లోనా? ఒక్కటే అయితే మూతి దగ్గర జల్లెడ విప్పండి, బోరు నీళ్లకి సున్నం కట్టేస్తుంది. వెనిగర్‌లో గంట నానేస్తే వదులుతుంది. వేడినీళ్లే తక్కువైతే గీజర్‌లోకి నీళ్లెళ్లే చోట నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) చూడండి. అన్నీ సన్నమైతే డాబా మీద గేట్ వాల్వు చూడండి. పిడి తిరుగుతూనే ఉంటుంది, లోపల బిళ్ల ఊడి దారికడ్డంగా పడుంటుంది. పీకేసి బాల్ వాల్వు వేయండి.

బెజవాడ_లెక్క: ఏ వాల్వు మార్చినా షవర్ రాదు. శ్లాబు 10 అడుగులు, దిమ్మె 2, షవర్ 7 అడుగుల ఎత్తులో. ట్యాంకు అడుగు నుంచి షవర్‌కి మిగిలిన ఎత్తు 5 అడుగులు. 1 బార్ ప్రెజర్ రావాలంటే 33 అడుగుల ఎత్తు కావాలి. మీకున్నది 0.15 బార్.

గుంటూరు_పైపురెంచి: అది ట్యాపు కట్టేసి ఉన్నప్పటి లెక్క. అరంగుళం పైపు, పది ఎల్బోలు (వంపులు) ఉంటే ఆ 5 అడుగులూ దారిలోనే హరించుకుపోతాయి. 15 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతోంది?

బెజవాడ_లెక్క: ఆయన అడిగింది షవరండీ బాబూ, బకెట్ కాదు!

కొత్తపేట_కుర్రాడు: మునిసిపల్ పైపుకే మోటారు బిగించేస్తే పోలా?

గుంటూరు_పైపురెంచి: వద్దు. పైపు లీకున్న చోట మురుగు లోపలికి లాగేస్తుంది.

పటమట_పైఫ్లాటు: జల్లెడలు కడిగాం, వాల్వు మార్చాం. మధ్యాహ్నం పర్లేదు. పొద్దున 6 నుంచి 8 దాకా మళ్లీ అంతే.

గుంటూరు_పైపురెంచి: ఈ ముక్క ముందే చెప్పాలిగా! ఐదు ఫ్లాట్లకూ ట్యాంకు నుంచి దిగే పైపు (డౌన్‌లైన్) ఒకటే. కిందవాళ్లు ట్యాపులు తిప్పగానే నీళ్లు అటే జారతాయి, మీ ఫ్లాటుకి చీలే టీ జాయింటు దగ్గర గాలి లాగుతుంది. అక్కడ పంపు పెడితే గాలి మింగి సీలు మాడుతుంది. మీకు ట్యాంకు నుంచే విడిగా అంగుళంపావు లైను దింపించండి. దానికి ఎయిర్ పైపు ట్యాంకు మూతకన్నా ఎత్తుగా ఉండాలి. అప్పటికీ షవర్ చాలకపోతే ఆ లైన్లో పంపు.

బెజవాడ_లెక్క: తిరిగి తిరిగి పంపు దగ్గరికే వచ్చారు.

కిందింటి_ఓనర్: ట్యాంకు ఉమ్మడిది. పైవాళ్ల షవర్ కోసం అందరం ఎందుకు కట్టాలి? ఎక్కని లిఫ్టుకి నెలనెలా కట్టేది చాలదా?

పటమట_పైఫ్లాటు: అదండీ సంగతి! మా అపార్టుమెంట్లో కిందవాళ్లదీ ఇదే పాట. శ్లాబు కారినా మా ఖర్చే అన్నారు. లైను వేసినప్పుడే ఇలా వేశారు, ఆ తప్పు మాదా?

కిందింటి_ఓనర్: పై ఫ్లాటని తెలిసే కొన్నారుగా.

గుంటూరు_పైపురెంచి: డబ్బులు మీరూ మీరూ తేల్చుకోండి. కొత్త లైనుకి బొక్క మాత్రం ట్యాంకు అడుగుకి 2 అంగుళాలు పైన కొట్టించండి, లేకపోతే మడ్డంతా ఆ లైన్లోకే దిగుతుంది.