రెండు పార్టీల్లోనూ పాతకాపులే, ప్రైమరీ కోసం పార్టీ మారొచ్చా?

మాది పెన్సిల్వేనియా అండి. సిటిజన్‌షిప్ వచ్చాక ఓటు రిజిస్టర్ చేసుకుంటూ ఏ పార్టీ గోల మనకెందుకులే అని "నో అఫిలియేషన్" టిక్ పెట్టేశా, తీరా చూస్తే ఇక్కడ ప్రైమరీ (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక) క్లోజ్డ్ అంట, అంటే ఆ పార్టీలో రిజిస్టరైనవాళ్ళకే ఓటు, నవంబర్‌లో వెళ్తే బ్యాలెట్ మీద కొన్ని పోస్టులకి ఒక్కటే పేరు, ఇంక ఎంచుకునేదేముంది నా బొంద. మా రాష్ట్రం వాళ్ళు కాదుగానీ, కాంగ్రెస్‌లో పాతకాపులంటే సెనేట్‌కి అయోవా నుంచి గ్రాస్లీ, హౌస్‌కి మేరీల్యాండ్ నుంచి హోయర్ ఇద్దరూ వెళ్లింది 1981లోనే, ఒకాయన రిపబ్లికన్ ఇంకొకాయన డెమోక్రాట్, అప్పటికి నేను పుట్టనేలేదు. కాంగ్రెస్ సభ్యులకి టర్మ్ లిమిట్ (ఇన్నిసార్లే ఆ పదవిలో ఉండాలన్న పరిమితి) రాష్ట్రాలు పెట్టడానికి లేదని 1995లో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా.

ప్రైమరీకి 15 రోజుల ముందులోగా పార్టీ మార్చుకుంటే చాలంటున్నారు. అలా మారి ఓటేసి మళ్ళీ వెనక్కొచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? తర్వాత ఫోన్లూ మెసేజ్‌లతో చంపుతారా? మా ఆవిడేమో రైట్-ఇన్ చేసి (బ్యాలెట్ మీద లేని పేరు మనమే రాసి) రా అంటోంది, అదసలు లెక్కలోకి వస్తుందా?