సినిమా సీన్‌తో కేంద్రభావం చెప్పడం ఎలా? (ఏడో తరగతి తెలుగు)

సుద్దముక్క:
కేంద్రభావం రాయమంటే పిల్లలు కథంతా మళ్లీ రాస్తున్నారు. లేదంటే 'స్నేహం' అని ఒక్క మాట రాసి ఊరుకుంటున్నారు. సినిమా సీన్‌తో మొదలుపెడదామనుకుంటున్నాను. పీరియడ్ 45 నిమిషాలు. ఏ సీన్ బాగుంటుంది? ఎక్కడ ఆపాలి?

నల్లబల్ల:
'మాయాబజార్' (1957)లో ప్రియదర్శిని పేటిక సీన్ తీసుకోండి మేడమ్. పేటిక తెరిచి చూసినవాళ్లకి తమకి బాగా ఇష్టమైంది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ముందూ వెనకా కథ తెలియకపోయినా అర్థమవుతుంది. నాలుగు నిమిషాలకు మించకుండా కత్తిరించుకోండి. అంతకంటే సాగితే పిల్లలు సినిమాలో పడిపోయి పెన్ను ముట్టరు.

మొదటిసారి ఊరికే చూడనివ్వండి. రెండోసారికి బోర్డు మీద మూడు గళ్లు గీయండి: ఎవరు చూశారు, ఏం కనిపించింది, దాన్నిబట్టి వాళ్ల గురించి ఏం తెలిసింది. ఒక్కొక్కరు చూడగానే పాజ్ చేసి రాయించండి. మూడో గడి దగ్గర పది నిమిషాలు పోతాయి. పోనివ్వండి, అసలు పాఠం అక్కడే ఉంది.

కృష్ణుడు పేటికలోకి చూడబోతుండగా ఆపి, 'ఈయనకెవరు కనిపిస్తారు?' అని అడగండి. రుక్మిణి, సత్యభామ, వెన్న అంటారు. కనిపించేది శకుని! 'ఎవరికి ఇష్టమైంది వాళ్లకి కనిపిస్తుంది' అని అప్పటిదాకా రాసుకున్నది ఇక్కడ అతకదు. 'మనసు దేనిమీద ఉంటే అదే కనిపిస్తుంది' అని మార్చుకోవాలి. అన్ని గళ్లకీ అతికే వాక్యమే కేంద్రభావం అని అప్పుడు చెప్పండి, ముందే చెప్పకండి.

బడిగంట:
నల్లబల్ల గారి పద్ధతికి ఒకటి కలుపుతాను. మన పిల్లలకు చిన్నప్పటి నుంచి కథ చివర 'నీతి' అలవాటు. అందుకే 'అత్యాశ పడకూడదు' అని రాసేస్తారు. వాక్యం చివర 'కూడదు', 'చేయాలి' వస్తే అది నీతి కింద లెక్క, కొట్టేయమనండి. పాత్ర పేరు వస్తే అది కథ. ఒకే మాట అయితే అది విషయం మాత్రమే. ఈ మూడు జల్లెళ్లు పట్టాక మిగిలిన వాక్యం చూడండి.

మర్నాడే పాఠ్యపుస్తకంలోని ఓ కథకి అవే మూడు గళ్లు వేయించాలి. వారం ఆగితే సినిమా గుర్తుంటుంది, పద్ధతి గుర్తుండదు. నీతి చివర్లో చెప్పేసే కథలు మాత్రం దీనికి పనికిరావు.

సుద్దముక్క:
బాగుందండీ. మరి కాపీరైట్ గొడవేమైనా ఉంటుందా?

నల్లబల్ల:
బడి కార్యక్రమంలో భాగంగా పిల్లలకీ, సిబ్బందికీ, తల్లిదండ్రులకీ మాత్రమే చూపిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. (ఆ చట్టమూ 1957దే!) కత్తిరించిన ముక్కని బడి యూట్యూబ్ ఛానెల్‌లో పెడితే మాత్రం ఆ మినహాయింపు కిందకి రాదు. ఇంకోటి, ఆన్‌లైన్‌లో నేరుగా ప్లే చేయకండి. సరిగ్గా శకుని కనిపించే చోట యాడ్ వస్తే మొత్తం పాడవుతుంది.