గట్టర్ ఉన్నా గోడ తడుస్తోంది, లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న

రేకుల కప్పు ఇల్లు. వెనకవైపు చూరు పొడవు 36 అడుగులు, ఆ వైపు కప్పు 60 చదరపు మీటర్లు ఉంటుంది. 6 అంగుళాల అర్ధగుండ్రటి జీఐ (జింకు పూత ఇనుప రేకు) గట్టర్ బిగించి ఉంది. ఒక కొసన మాత్రమే 3 అంగుళాల పైపు కిందికి దిగుతుంది. మామూలు వానకు ఏ ఇబ్బందీ లేదు. గట్టి వాన పట్టుకుంటే మాత్రం సరిగ్గా మధ్యలో నీళ్ళు వెనక్కి, గోడ మీదకు పొర్లుతున్నాయి. వాన వెలిసి రెండు రోజులైనా అక్కడ రెండు వేళ్ళ లోతు నీరు అలాగే ఉంటుంది. గట్టర్ బిగించిన చెక్క, అదే చూరు పలక, దాని మీద రంగు పొక్కులు లేచింది. అతుకు దగ్గర సిలికాన్ రెండుసార్లు పెట్టినా ఊడిపోయింది. గట్టర్ మొత్తం మార్చాలా, బాగుచేస్తే సరిపోతుందా?

జవాబు 1

మార్చే మాట తర్వాత చూద్దామండీ, ముందు ఒక పూట పరీక్షకు పెట్టుకోండి. మీరు చెప్పినదాంట్లో రెండు జబ్బులున్నాయి, రెంటికీ ఒకే మందు పనిచేయదు.

రెండు రోజులు నీరు నిలుస్తోందంటే వాలు చెడిందని. పైపు నోట్లో చెత్త అడ్డం పడితే నీరు ఆ కొస నుంచి వెనక్కి నిండుతూ వస్తుంది. మధ్యలో మాత్రమే నిలిచిందంటే అక్కడ గట్టర్‌కు కడుపు దిగింది, అంటే కిందికి కుంగింది.

గట్టి వానకే పొర్లడం రెండో జబ్బు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. గంటకు 100 మి.మీ. ఉరవడితో కురిస్తే మీ కప్పు నుంచి నిమిషానికి 100 లీటర్లు దిగాలి. పనివాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది, చదరపు మీటరు కప్పుకు చదరపు సెంటీమీటరు పైపు నోరు. మీ 3 అంగుళాల పైపు నోరు 45 చదరపు సెంటీమీటర్లే, కావలసింది 60.

పరీక్ష ఇలా చేయండి. గట్టర్ ఊడ్చి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద చేస్తే ఏది పాత కారుడో ఏది కొత్తదో తెలియదు. మొదట ఒక బకెట్ నీళ్ళు పైపు నోట్లో ఒక్కసారిగా పోయండి. గడగడమంటూ పైకి ఎగదన్నితే అడ్డు పైపులోనే ఉంది, ఎక్కువగా మొదటి వంపులో. తర్వాత గొట్టంతో అవతలి కొస నుంచి నెమ్మదిగా నీళ్ళు వదలండి. కింద ఒకరు నిలబడి ఒక్కో అతుకునూ ఐదేసి నిమిషాలు చూడాలి. నీరు ఆగిన చోట సుద్దముక్కతో గీత పెట్టుకోండి. చివరగా గొట్టాన్ని రేకు మీద, అంచుకు రెండడుగుల పైన పట్టి నీళ్ళు వదలండి. నీరు గట్టర్‌లో పడుతోందా, రేకు అడుగునే పాకుతూ వెనక్కి పలక మీదకు వస్తోందా? ఈ ఆఖరి పరీక్ష చాలామంది వదిలేస్తారు. మీ పలక పొక్కులకు అసలు కారణం ఇదే అయ్యుండవచ్చు, దీన్ని తప్పకుండా చూడండి.

జవాబు 2

గట్టర్ ఎండి ఉన్నప్పుడు నిచ్చెన ఎక్కి ఒకసారి లోపలికి చూడండి. నీరు నిలిచే చోట సన్నటి మట్టి ఎండి పెచ్చులు పెచ్చులుగా చిట్లి ఉంటుంది, దాని అంచు వెంట రేకు మీద గోధుమరంగు చార కనబడుతుంది. ఆ చార ఎంత పొడవుంటే కడుపు అంత పొడవు దిగినట్టు.

సిలికాన్ సంగతి. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటదు. మొత్తం గీకేసి, తీగ బ్రష్‌తో తుప్పు తీసి, పొడిగుడ్డతో తుడిచి, రేకు బాగా ఆరాకే పెట్టాలి. కొన్నప్పుడు గొట్టం మీద ‘న్యూట్రల్’ అని ఉన్నదే తీసుకోండి. వెనిగర్ వాసన వేసే రకం జింకు పూతను తినేస్తుంది, కొన్నాళ్ళకు దాని కిందే తుప్పు మొదలవుతుంది. పూసే చోటు అతుకు లోపలివైపు. బయటినుంచి పూసినది చూపుకే, నీరు అప్పటికే రెండు రేకుల మధ్యకు దిగిపోయి ఉంటుంది. అలాగే అతుకు ఎటు ఎక్కిందో చూడండి. నీరు వచ్చే వైపు ముక్క పైన, పోయే వైపు ముక్క కింద ఉండాలి. తిరగబడి ఉంటే ఎన్ని ట్యూబులు పోసినా ఆగదు. రివెట్లు తీసి సరిచేయాల్సిందే.

పూశాక 24 గంటలు నీళ్ళు తగలనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

పరీక్ష చేశాను. క్లాంపులు నాలుగేసి అడుగుల దూరంలో ఉన్నాయి, మధ్యలో రెండింటి స్క్రూలు వదులు. పలకలో స్క్రూడ్రైవర్ గుచ్చితే అర అంగుళం మెత్తగా దిగింది. రేకు అడుగున నీరు వెనక్కి పాకుతోంది కూడా. అతుకు సరైన వైపే ఎక్కి ఉంది, అడుగున చిల్లులు లేవు. ఆ పలకకే పెద్ద స్క్రూలు వేసి బిగించవచ్చా? గట్టర్ పైన జాలీ మూత వేయిస్తే మంచిదా?

జవాబు 3

పలకకు పెద్ద స్క్రూ వేసి లాభం లేదండీ, పుచ్చిన చెక్క పట్టు ఇవ్వదు. బరువు ఎంతో చూడండి. 6 అంగుళాల అర్ధగుండ్రటి గట్టర్ నిండితే మీటరుకు 9 కిలోలు. మీ 36 అడుగులకు కలిపి దాదాపు 100 కిలోలు. తడి ఆకులూ మట్టీ వేరే. నాలుగడుగులకో క్లాంపు ఉంటే మధ్యలో కుంగుతుంది, కుంగిన చోట నీరు నిలుస్తుంది, ఆ బరువుకు ఇంకా కుంగుతుంది.

ముందు గట్టర్ దించండి. మెత్తబడిన పలకను ఒక వాసం మధ్య నుంచి ఇంకో వాసం మధ్య దాకా కోసి తీసేయండి. కొత్త ముక్కకు బిగించకముందే ముందూ వెనకా, ముఖ్యంగా కోసిన కొసలకు, ప్రైమరూ రంగూ వేయండి. చెక్క నీళ్ళు తాగేది ఆ కొసలనుంచే.

తర్వాత వాలు. 10 అడుగులకు కనీసం పావు అంగుళం, అర అంగుళం ఉంటే నిశ్చింత. 36 అడుగులూ ఒకే వైపుకు వాలిస్తే కిందికొస దాదాపు రెండంగుళాలు దిగి రేకుకు దూరమవుతుంది. అందుకే రెండో కొసన కూడా 3 అంగుళాల పైపు దించి, మధ్యభాగాన్ని ఎత్తుగా పెట్టమంటాను. అప్పుడు ఒక్కో వైపు 18 అడుగులకు ముప్పావు నుంచి అంగుళం దిగితే చాలు, పైపుల నోరు కూడా రెండూ కలిపి 90 చదరపు సెంటీమీటర్లవుతుంది. మీ రెండు జబ్బులూ ఒక్క మార్పుతో తీరతాయి.

నీళ్ళు నింపిన లెవెల్ పైపుతో రెండు కొసలూ మధ్యా గుర్తులు పెట్టి దారం లాగండి, క్లాంపులు దారానికే బిగించండి, కంటి అంచనా పనికిరాదు. క్లాంపుకూ క్లాంపుకూ రెండడుగులు. అతుకుకు రెండు పక్కలా, పైపు నోటికి రెండు పక్కలా ఆరేసి అంగుళాల్లో అదనంగా ఒక్కోటి వేయండి. వీలైనన్ని స్క్రూలు పలక దాటి వాసం కొసలోకి దిగాలి. గట్టర్ ముందు పెదవి వెనక పెదవికన్నా అర అంగుళం కిందికి ఉండాలి. ఎప్పుడైనా నిండినా నీరు బయటికి పడుతుంది, గోడ మీదకు రాదు.

రేకు అడుగున పాకే నీటికి ఎల్ ఆకారంలో వంచిన రేకు పట్టీ వేయించండి. దాని పై అంచు కప్పు రేకు కిందకు దూరాలి, కింది అంచు గట్టర్ లోపలికి దిగాలి. అదీ జింకు పూత రేకే అయ్యుండాలి. రాగి మీదనుంచి జారిన నీరు జింకును తినేస్తుంది.

జవాబు 4

జాలీ మూత గురించి నా మాట. మూత వేశాక ఇక ఊడ్చనక్కర్లేదనుకుంటారు, గొడవంతా అక్కడే వస్తుంది. సన్నటి ఆకులూ దుమ్మూ జాలీలోంచి దిగి అడుగున బురద కడతాయి, పెద్ద ఆకులు పైన చాపలా పరుచుకుంటాయి. గట్టి వానలో నీరు ఆ చాప మీదనుంచి దూకి కింద పడుతుంది. చెట్లు మరీ మీదికి వాలి ఉంటే తప్ప మూత అక్కర్లేదు. పైపు నోటికి బుట్టలా ఉబ్బిన తీగ జాలీ పెట్టండి. బల్లపరుపు జాలీ మాత్రం వద్దు, ఒక్క వెడల్పాటి ఆకు అంటుకుంటే నోరు మూసుకుపోతుంది.

ఊడ్చడం వానలకు ముందొకసారి, మధ్యలో ఒకసారి, ఆకు రాలాక ఇంకోసారి. ప్లాస్టిక్ గరిటె వాడండి, ఇనుపది జింకు పూతను గీకేస్తుంది. తీసిన బురద బకెట్‌లోకి ఎత్తండి, పైపులోకి నెట్టకండి. నీరు నిలవనిస్తే ఎండాకాలంలో వారం పదిరోజుల్లోనే దోమలు లేస్తాయి.

నిచ్చెన గట్టర్‌కు ఆనించకండి, అది వంగుతుంది, మీరూ జారతారు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరంగా పాదం పెట్టి, పైన గోడకో వాసానికో ఆనించి కట్టేయండి. పక్కన కరెంటు తీగ ఉంటే అసలు ఎక్కవద్దు.

పైపు కింది కొసను కూడా చూసుకోండి. నీరు గోడ మొదట్లో పడకూడదు, అయిదారడుగులు అవతలికి పోవాలి. గోడకు అడుగెత్తు దాకా మట్టి చింది ఉన్నా, తెల్లగా ఉప్పు పొంగినా నీరు అక్కడే దిగుతోందని తెలుసుకోండి. గట్టర్ బాగయ్యి గోడ ఆరాకే రంగు వేయండి. తడి మీద వేసిన రంగు మళ్ళీ పొక్కుతుంది.

జవాబు 5

ఎప్పుడైనా పీవీసీకి మారితే ఒక్క జాగ్రత్త. 4 మీటర్ల ముక్క 30 డిగ్రీల తేడాకు దాదాపు 8 మి.మీ. సాగుతుంది. రబ్బరు అతుకుల్లో ఆ సందు వదలాలి. గమ్ము వేసి రెండు కొసలూ బిగిస్తే ఎండకు మెలితిరిగి క్లాంపుల్లోంచి ఊడుతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. అయితే గట్టర్ అదే ఉంచి పలక, పట్టీ, క్లాంపులు, రెండో పైపు వేయిస్తాను. పని సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

జవాబు 3

సిలికాన్ ఆరాక ఎత్తైన మధ్యభాగంలో ఒక బకెట్ నీళ్ళు పోయండి. రెండు వైపులకూ పారాలి. గంట తర్వాత చేత్తో తడిమితే అడుగున తడి మాత్రమే తగలాలి. ఎక్కడైనా వేలి గోరు మునిగేంత నీరుంటే అక్కడి క్లాంపు కొంచెం ఎత్తి బిగించి, మళ్ళీ పోసి చూడండి.